వంటింటి యంత్రమునకు మంట పెట్టుటకు ముందు

(పాఠశాల తల్లిదండ్రుల సమావేశమున వంటశాల ఉపసంఘము పక్షమున గావించిన ప్రసంగ పాఠము)



మన వంటశాల ప్రక్కనున్న చిన్న గదిలో గోనెపట్టలు కప్పుకొని ఒక యంత్రము ఐదు మాసములుగా కదలక కూర్చుండి యున్నదని మీరందఱు ఎఱుగుదురు. ఐదవ తరగతి పిల్లలు దానికి కుంభకర్ణుడని పేరు పెట్టినారట. పిల్లలు పేరు పెట్టి ఊరకున్నారు గాని, పెద్దలు ఊరకుండలేదు. ‘‘ఒక దాత ఉచితముగా ఇచ్చిన యంత్రమును ఇన్నాళ్ళు మూలబెట్టుటకు కారణమేమి? సంఘమువారికి తీరిక లేదా, డబ్బు లేదా, లేక శ్రద్ధ లేదా?’’ అని పలువురు మమ్ము అడిగిరి. అడుగుట న్యాయమే. సమాధానము చెప్పుట మా విధి. ఆ సమాధానమే నేటి మా ప్రసంగము.

ముందుగా ఆ యంత్రమేమో మనవి చేసెదము. అది నీళ్ళు కాచు యంత్రము. మూతపడిన ఒక కల్యాణమండపము నుండి మనకు వచ్చినది. ఇనుప కాగు వంటి దాని పొట్టలో నీరుండును. దాని క్రింది భాగమున డీజిలు చమురుతో మండు బర్నరు ఒకటి బిగింపవలెను. గంటకు సుమారు 4 లీటర్ల చమురు కాల్చి, ఇంచుమించు 600 లీటర్ల నీటిని చేయి పెట్టలేనంత వేడి చేయగలదు. మన వంటవారు తెల్లవాఱక మునుపే లేచి, గుండిగలకు గుండిగలు ఎసరు కాచి, అన్నము వండి, పిదప జిడ్డు గిన్నెలు చన్నీళ్ళతో తోముటకు పడు పాట్లు చూచి జాలిపడి దాత దీనిని ఇచ్చినారు. ఆ మంచితనమునకు మేము ఎల్లప్పుడు కృతజ్ఞులము.

శీతల దేశములలో ఇట్టి చమురు బర్నర్లు కొన్ని ఇండ్లలో నుండుట కలదు. అమెరికాలో అట్టి ఇండ్ల నేలమాళిగలో బర్నరు మండుచుండగా ఆ వేడి గొట్టముల ద్వారా గదులన్నింటికి ప్రాకును. మన చెన్నపురికి గదులు వెచ్చబెట్టుకొను అవసరము భగవంతుడు కల్పింపలేదు. మనకు ఇట్టివి హోటళ్ళలోను, వసతి గృహములలోను, కర్మాగారములలోను మాత్రమే కనబడును. అందుచేతనే మన ఇండ్లలో దీని గుణదోషములు తెలిసినవారు తక్కువ. తెలియని నిప్పు తెలిసిన నిప్పుకంటె ప్రమాదకరము.

చమురు మంట అనగా ఏమో మన జార్జి టౌనుకు తెలియనిది కాదు. 1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక మన రేవు ఎదుటికి వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లపై గుండ్లు ప్రేల్చినది. లక్షలాది గ్యాలనుల కిరసనాయిలు మండి ఆకాశము ఎఱ్ఱబాఱెను. భయపడి ఊరు విడిచి పోయినవారెందఱో. ఇప్పటికిని హైకోర్టు తూర్పు గోడ ప్రక్క ఆ సంఘటనను తెలుపు ఫలకము ఉన్నది. మీ పిల్లలను ఒకనాడు తీసికొనిపోయి చూపవలెను. తమిళ సోదరులు నేటికిని గడుసువానిని ‘ఎమ్డన్’ అని పిలుచుట ఆ రాత్రి జ్ఞాపకమే.

అయితే చమురు మండుటకు శత్రువుల ఫిరంగి అక్కఱలేదు. మన తొందరపాటు చాలును. 2004వ సంవత్సరము జూలై 16వ తేదీని మేము ఇచ్చట తలపకుండజాలము. ఆనాటి ఉదయము కుంభకోణమునందలి ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనపు వంటశాలలో పుట్టిన నిప్పు తాటాకు కప్పునకు అంటుకొని, పై అంతస్తులోని తరగతులకు ప్రాకినది. ఇరుకైన మెట్ల దారిలో పసివారు దిగలేకపోయిరి. 94 మంది చిన్నారులు అసువులు బాసిరి. ఆ పిల్లలకు అన్నము పెట్టవలెనను సంకల్పమునుండియే ఆ నిప్పు పుట్టినది గదా! వంటశాల ఎచ్చట, కప్పు దేనితో, దారి ఎంత వెడల్పు అను మూడు ప్రశ్నలు ముందుగా ఎవరైనను గట్టిగా అడిగి, సమాధానము వచ్చువఱకు పట్టు విడువకున్నచో ఆ ఘోరము జరిగి యుండెడిది కాదు.

ఆ దుర్ఘటన మూలమున వచ్చిన వ్యాజ్యములో 2009 ఏప్రిలు 13వ తేదీన సుప్రీముకోర్టువారు, విద్యాహక్కులో సురక్షితమైన పాఠశాలలో చదువుకొను హక్కు కూడ చేరియున్నదని తీర్పు చెప్పినారు. ఆ తీర్పు న్యాయవాదుల బీరువాలలో నుండుటకు కాదు; మన వంటశాల తలుపు దగ్గఱ నుండుటకు.

ఇక యంత్రము పనిచేయు తీరు. మన తల్లులలో పెద్దవారికి గాలి కొట్టు కిరసనాయిలు స్టవ్వు జ్ఞాపకముండును. ముందుగా దాని తలను కొంచెము స్పిరిటుతో కాచి, పంపు కొట్టగా, చమురు సన్నని రంధ్రము గుండ ఆవిరియై వచ్చి నీలిమంటగా మండెడిది. రంధ్రము మూసుకొనిన పిన్నుతో పొడిచెడివారు. తల చక్కగా కాగక మునుపే పంపు కొట్టినయెడల ఏమగునో, పైకెగసిన పచ్చని మంటను చూచినవారు మఱవజాలరు. ఈ బర్నరు ఆ స్టవ్వునకు పెద్ద తమ్ముని వంటిది. ఇందులో విద్యుత్తుతో నడచు పంపు చదరపు అంగుళమునకు 100 పౌనుల ఒత్తిడితో చమురును సన్నని నాజిలు గుండ మంచు తుంపర వలె చిమ్మును. ఫ్యాను దానికి గాలి నందించును. సుమారు 10,000 వోల్టుల మెఱుపు రవ్వ ఆ తుంపరను వెలిగించును. మంట పుట్టినదా లేదా అని ఒక విద్యుత్ కన్ను కనిపెట్టుచుండును. కొలది సెకండులలో మంట కనబడనిచో ఆ కన్ను యంత్రమును ఆపివేయును. ఆపివేసిన పిదప తిరిగి నడపుటకు ఒక ఎఱ్ఱ బొత్తాము ఉండును.

ఆ ఎఱ్ఱ బొత్తామును గూర్చి మేము కన్నులార చూచినదొకటి చెప్పెదము. చాల ఏండ్ల క్రిందట ఒక పెండ్లి వంటశాలలో బర్నరు వెలుగలేదు. లోపల మగ పెండ్లివారు కాఫీకి తొందరపెట్టుచుండిరి. వంట పర్యవేక్షకుడు ఎఱ్ఱ బొత్తామును ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, ఎన్నిసార్లో నొక్కెను. నొక్కిన ప్రతిసారి మండని చమురు గిన్నెడు లోపలికి పోయి అడుగున నిలుచుచు వచ్చినది. చిట్టచివరకు రవ్వ పట్టినది. అంతసేపు చేరిన చమురంతయు ఒక్కసారిగా అంటుకొని, పొయ్యి తలుపు ఊడి, మంట బయటికి వచ్చెను. ఆయన కనుబొమలు కాలుటతో సరిపోయినది. అది ఆయన పూర్వజన్మ సుకృతము. యంత్రము ‘నాకు బాగుగా లేదు’ అని చెప్పుటకే ఆగినది. దాని మాట వినక మాటిమాటికి నొక్కుట జ్వరపడిన పిల్లవానిని బడికి తఱిమినట్లే.

కాబట్టి బర్నరు బిగించుట మేస్త్రి పని గాని, బిగించుటకు ముందు సిద్ధపడుట మన పని. ఆ సిద్ధపాటును మేము ఎట్లు చేయుచున్నామో, ఎచ్చట తప్పిపోబోయితిమో దాచక చెప్పెదము.

మొదటిది, స్థలము. గత శ్రావణమాసమున ఒక శుక్రవారమునాడు యంత్రము వెలిగింప ముహూర్తము పెట్టితిమి. కొబ్బరికాయలు వచ్చినవి, పూలు వచ్చినవి, మేస్త్రి వచ్చినాడు. పొగగొట్టము వెలుపలికి పోవుటకు గోడకు రంధ్రము కూడ సగము కొట్టించితిమి. అప్పుడు పిల్లవానిని దింపుటకు వచ్చిన ఒక తల్లి తలుపు దగ్గఱ నిలిచి, ‘‘అయ్యా, ఈ గోడకు అవతల ఏమున్నదో చూచితిరా?’’ అని అడిగినది. మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. ఎవరమును చూడలేదు. పోయి చూడగా, అది కాగితపు గిడ్డంగి. కట్టలు గోడ కానించి ఎత్తుగా పేర్చి యున్నవి. అంతే కాదు, పాత ఇండ్ల కప్పులు మీరెఱుగుదురు గదా, టేకు దూలములపై చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నముతో కట్టిన మద్రాసు టెర్రేసులు. అవతలి ఇంటి దూలము కొస ఒకటి, మేము రంధ్రము కొట్టించిన చోటికి జానెడు దూరమున గోడలో నాటియున్నది. 200 డిగ్రీలకు పైబడిన పొగ ప్రతిదినము ఆ దూలము ప్రక్కగా పోవలసి యుండెను. చిరకాలము వేడికి గుఱియైన కొయ్య లోలోపల మాడి మాడి, పచ్చి కొయ్యకంటె తక్కువ వేడికే అంటుకొనును. అది నేడు కాకున్నను మూడేండ్లకో, ఐదేండ్లకో జరిగెడిది. ఆ రోజున పూజ ఆపివేసితిమి. కొబ్బరికాయలు పిల్లలకు పంచిపెట్టితిమి.

ఆ తల్లి ఇంజనీరు కాదు. ఆమె అడిగినది ఇరుగుపొరుగు నెఱిగిన ఇల్లాలు అడుగు ప్రశ్న. మన జార్జి టౌనులో ఇంటికి ఇంటికి నడుమ సందు లేదు. ఒక గోడ ఇద్దఱికి ఉమ్మడి. తంగసాల వీధి మొదలు ఆండర్సను వీధి వఱకు ఎచ్చట చూచినను క్రింద కొట్టు, వెనుక గిడ్డంగి, పైన కాపురము. ఇట్టి పేటలో మన మంట మన ఇంటిలో నున్నదనుకొనుట భ్రమ. అందుచేత యంత్రమును ఆ గది నుండి తీసివేసి, పెరటిలో మూడు వైపుల ఖాళీ గల చోట, ఇటుక గోడలు, సిమెంటు నేల, కాంక్రీటు కప్పు గల చిన్న గదిలో పెట్టుటకు నిశ్చయించితిమి. తరగతి గదుల మెట్లు ఆ గది తలుపు ఎదుటికి రావు. ఆలస్యమునకు మొదటి కారణమిదే.

రెండవది, పొయ్యికి బర్నరుకు పొత్తు. ఎంత చమురు చిమ్ము నాజిలు ఈ యంత్రమునకు తగునో దానిని చేసినవారు పలకపై చెక్కియుందురు. పెద్ద నాజిలు పెట్టిన త్వరగా కాగునని కొందఱి తలపు. అది పొట్టకు మించి తినిపించుటయే. మంట ఎదుటి గోడకు తగిలి మసి పట్టును, ఇనుము పగులును. కనుక పలక చదివి, తగిన నాజిలునే తెప్పించితిమి. పొయ్యి లోపలి భాగము దీపముతో చూచి, పగుళ్ళు లేవని నిశ్చయించుకొని, పాత మసి గీకించితిమి. నీటి వైపున బావినీటి ఉప్పు వలన పట్టిన గార వ్రేలి మందము దొరకినది. ఆ గార నీటికి మంటకు నడుమ దుప్పటి కప్పినట్లుండి, ఇనుమును మాడ్చును, చమురును దండుగ చేయును. దానిని తొలగించుటకే రెండు వారములు పట్టినది.

మూడవది, పొగగొట్టము. మంట బాగుగా మండవలెనన్న పొగ బాగుగా పోవలెను. కల్యాణమండపము నుండి తెచ్చిన పాత గొట్టము విప్పి చూడగా నడుమ కాకి గూడు ఉన్నది! దానిలో పుల్లలతో పాటు కమ్మీ ముక్కలు కూడ దొరకినవి. అట్లే వెలిగించి యున్నచో పొగ వెనుకకు మఱలి గదిలో నిండెడిది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. తల నొప్పి, వాంతి, మగత, ఆ పిదప మరణము. పీల్చువానికి తాను విషము పీల్చుచున్నానని తెలియదు. క్రొత్త గొట్టము పొరుగు మేడల కిటికీలకంటె ఎత్తుగా పోవునట్లు, పైన పక్షులు దూరకుండ వల గల టోపీ ఉండునట్లు ఏర్పాటు చేసితిమి.

నాలుగవది, గాలి. తలుపులు బిగించి మంట పెట్టుకొనుట మన వంటిండ్లలో పాత అలవాటు. లెక్క వేసి చూడుడు. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు కనీసము 10 ఘనమీటర్ల గాలి కావలెను. గంటకు 4 లీటర్లు కాల్చు బర్నరునకు 40 ఘనమీటర్లకు పైగా కావలెను. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు గల గదిలో ఉన్న గాలి అంతయు కలిపి 31.5 ఘనమీటర్లు మాత్రమే. అనగా తలుపు మూసిన గదిలో గాలి గంట తిరుగకమునుపే చాలదు. గాలి చాలని మంట మసి క్రక్కును, విషవాయువును పుట్టించును. కాబట్టి గోడ అడుగున ఒకటి, పైన ఒకటి, మూత వేయ వీలులేని కటకటాల కన్నములు పెట్టించితిమి. వాన జల్లు వచ్చుచున్నదని గోనెపట్ట అడ్డుపెట్టరాదని వంటవారితో మఱిమఱి చెప్పియున్నాము.

ఐదవది, చమురు నిలువ. డీజిలు పెట్రోలు వలె భగ్గుమనదని ధైర్యము చెప్పువారు కలరు. అది సగము నిజము. అంటుకొను ఆవిరి లేచుటకు కావలసిన వేడి మన దేశపు డీజిలునకు కనీసము 35 డిగ్రీలు ఉండవలెనని ప్రమాణము. మే మాసమున మన నగరపు ఎండ 40 డిగ్రీలు దాటు దినములున్నవి గదా! ఎండలో పెట్టిన డబ్బాలోని చమురు ఆ హద్దును తనంతట తానే దాటిపోవును. కనుక నిలువ నీడలో నుండవలెను, గాలి తగులవలెను, పొయ్యి నుండి వేఱుగోడకు అవతల నుండవలెను. 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టము డీజిలును, కిరసనాయిలును రెండవ తరగతి చమురులలో చేర్చినది. అట్టి చమురు ఒకచోట 2,500 లీటర్లకు మించక, ఏ ఒక్క పాత్రయు 1,000 లీటర్లకు మించకున్నచో లైసెన్సు అక్కఱలేదని ఆ చట్టము చెప్పును. చట్టము అంత అనుమతించినదని అంత నిలువ పెట్టుకొందుమా? పిల్లలున్న చోట 200 లీటర్ల పీపా ఒక్కటి చాలునని నిర్ణయించితిమి. ఆ పీపా చుట్టును, అందలి చమురంతయు ఒలికినను బయటికి పోకుండునట్లు సిమెంటు కట్ట కట్టించితిమి. ఆవిరి పోవు గొట్టము వెలుపలికి తెఱచుకొనును. పెట్రోలు చుక్క కూడ ఆ పీపా దరి చేరరాదు. పెట్రోలు కలిసిన చమురు బర్నరులో పోయుట బాంబు పెట్టుటతో సమానము.

ఆఱవది, గొట్టములు. జింకు పూత పూసిన నీటి గొట్టములు చవుక యని మొదట అవియే తెప్పించితిమి. డీజిలునకు జింకునకు సరిపడదు. పూత కరగి, జిగురు వంటి మడ్డి పుట్టి, వడపోతను, నాజిలును మూసివేయునని తెలిసిన పిదప వాపసు చేసి రాగి గొట్టములు వేయించితిమి. కొంత నష్టము వచ్చినది. అది మా అజ్ఞానమునకు చెల్లించిన ఫీజు. పీపా దగ్గఱ ఒక మూతమర, వడపోత, బర్నరు పైన వేడికి కరగు లోహపు తునకతో పట్టియుంచిన అగ్నిమర పెట్టించితిమి. గదిలో నిప్పు పుట్టినచో ఆ తునక కరగి, మర తనంతట తానే మూసుకొని, చమురును ఆపివేయును. మనిషి భయపడి పాఱిపోయినను ఆ మర పాఱిపోదు.

ఏడవది, విద్యుత్తు. యంత్రమునకు ప్రత్యేకమైన తీగ, ప్రత్యేకమైన ఫ్యూజు, మంచి ఎర్తు ఉండవలెను. ముఖ్యముగా, ఆపు స్విచ్చి ఒకటి గది వెలుపల ఉండవలెను. లోపల మంట మండుచుండగా స్విచ్చి కొఱకు లోపలికి పోవువాడు తిరిగి రాకపోవచ్చును. మన స్విచ్చి తలుపునకు వెలుపల, పెద్దవారి భుజము ఎత్తున, ఎఱ్ఱ రంగుతో నున్నది. దాని ప్రక్కనే ఇసుక బకెట్లు, పొడి చల్లు అగ్నిమాపకము ఉన్నవి. చమురు మంటపై నీళ్ళు పోయరాదు. నీరు అడుగునకు పోయి ఆవిరియై ఎగసి, మండుచున్న చమురును నలుదిక్కులకు చిమ్మును. తల్లులారా, మీ ఇంటిలో బాణలిలోని నూనె అంటుకొన్నను ఇదే సూత్రము: పొయ్యి ఆపి, బాణలిపై మూత పెట్టుడు; నీళ్ళు చల్లకుడు.

‘ఇది బాయిలరు గదా, ప్రభుత్వ తనిఖీ అక్కఱలేదా?’ అని ఒక తండ్రి అడిగిరి. మంచి ప్రశ్న. 1863లో కలకత్తాలో బాయిలరు ఒకటి ప్రేలగా ఆ మఱుసటి సంవత్సరము బెంగాలులో తనిఖీ శాసనము పుట్టినది. దేశమంతటికి 1923లో బాయిలర్ల చట్టము వచ్చినది. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము చేయబడినది. ఆ చట్టములు ఒత్తిడితో ఆవిరి పుట్టించు పాత్రలకు. మనది 100 డిగ్రీల లోపల నీరు కాచునది మాత్రమే. పైభాగమున ఆవిరి పోవుటకు తెఱచిన గొట్టము కలదు. చట్టము మనలను అడుగకున్నను మన మనస్సాక్షి అడుగవలెను గదా! అందుచేత వేడి హద్దు మీఱినచో మంట ఆపు సాధనములు రెండు పెట్టించి, వెలుపలి ఇంజనీరు ఒకరి చేత పరీక్ష చేయించి, వ్రాతమూలముగా చీటి తీసికొనుటకు ఏర్పాటు చేసితిమి.

ఎనిమిదవది, భాష. ఇది చిన్న విషయమని నవ్వకుడు. యంత్రముతో వచ్చిన సూచనల పుస్తకము ఇంగ్లీషులో నున్నది. మన వంట పెద్ద చదువుకొన్నది తెలుగు. అతనికి సాయముండు ఇద్దఱు తమిళము చదువుదురు. రాత్రి కావలివానికి చదువు రాదు. ఎవరికిని అర్థము కాని భాషలో గోడకు తగిలించిన హెచ్చరిక గోడకే హెచ్చరిక. మన పాఠశాల మాతృభాష కొఱకు నిలిచిన పాఠశాల. మాతృభాష పద్యములకు మాత్రమే గాక ప్రాణరక్షణకు కూడ ఉపయోగపడవలెను. మా పై తరగతుల విద్యార్థులు తెలుగు పండితులవారి పర్యవేక్షణలో ఆ సూచనలను తేట తెలుగులోనికి తెచ్చినారు. తమిళోపాధ్యాయులు తమిళమున వ్రాసినారు. చదువు రానివాని కొఱకు చిత్రలేఖనపు తరగతివారు బొమ్మలు గీసిరి. మొట్టమొదటి వాక్యము ఇది: ‘‘వెలుగకున్నచో ఒక్కసారి మాత్రమే ఎఱ్ఱ బొత్తాము నొక్కుము. రెండవసారి నొక్కకుము. చమురు మర మూసి, పెద్దలకు చెప్పుము.’’

తొమ్మిదవది, తొలి మంట. ఆ పని సెలవు దినమున, బడిలో పిల్లలు లేనప్పుడు జరుగును. ముందు నీరు నిండినదని చూడవలెను. నీరు లేని యంత్రమునకు మంట పెట్టరాదు. చమురు గొట్టముల కీళ్ళు పొడి గుడ్డతో తుడిచి తడి చూడవలెను. వెలిగిన పిదప ఆ విద్యుత్ కన్నును వెలుపలికి తీసి కప్పి చూడవలెను. మంట వెంటనే ఆగవలెను. ఆగనిచో యంత్రము గ్రుడ్డిదన్నమాట, దానిని వాడరాదు. పొగలో తెల్లని కాగితపు తునక పెట్టించి మచ్చ చూడవలెను. ఇవన్నియు ఒక పుస్తకములో తేదీతో వ్రాయబడును. ఆ పుస్తకము కార్యాలయములో బీరువాలో నుండదు. వంటశాల తలుపునకు త్రాటితో కట్టియుండును. మీలో ఎవరైనను ఏ దినముననైనను వచ్చి చదువవచ్చును.

మహాశయులారా, 1920లో చెన్నపురి కార్పొరేషను అధ్యక్షులుగా నుండిన సర్ పిట్టి త్యాగరాయ సెట్టిగారు థౌజండ్ లైట్సు నందలి పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించిరి. ఆకలితో పాఠము చెవికెక్కదని ఆ తెలుగు పెద్ద గ్రహించెను. ఆ మార్గమున నడచుట మనకు గర్వకారణము. అయితే బిడ్డకు అన్నము పెట్టు చేయి, ఆ అన్నము ఉడికించు నిప్పును కూడ కనిపెట్టవలెను. ఒకటి చేసి రెండవది విడుచుట సగము ధర్మమే యగును.

ఐదు మాసముల ఆలస్యమునకు మేము క్షమాపణ కోరుట లేదు. కోరవలసినది మఱొకదానికి. గోడకు అవతల ఏమున్నదో చూడకయే ముహూర్తము పెట్టితిమి. దానికి మిమ్ము క్షమాపణ కోరుచున్నాము. దాత వస్తువు ఇచ్చినాడు గదా, వద్దనరాదు, ఆలస్యము చేయరాదు అను మొగమాటము మమ్ము అంతవఱకు తీసికొనిపోయినది. మొగమాటము మంచి గుణమే. కాని నిప్పునకు మొగమాటము లేదు.

మిమ్ము మేము కోరునది రెండు. యంత్రము త్వరగా వెలిగింపుడని మమ్ము తొందరపెట్టకుడు. అంతకంటె ముఖ్యముగా, తెలిసినను తెలియకున్నను ప్రశ్నలు అడుగుట మానకుడు. ఆనాడు ఆ తల్లి ‘‘పెద్దలు చూచుకొందురులే’’ అని బిడ్డను దింపి వెడలిపోయి యున్నచో, నేడు మేము ఇచ్చట నిలిచి ఇంత నిబ్బరముగా మాటాడగలిగి యుండెడివారము కాము. ఆమె ఈ సభలో వెనుక వరుసలో కూర్చుండి యున్నారు. పేరు చెప్పవలదని కోరినందున చెప్పుట లేదు. తొలి మంట నాడు ఆమెను, అవతలి గిడ్డంగి యజమానిని కూడ పిలిచి, వారి ఎదుటనే యంత్రమును పరీక్షించుటకు సంఘము తీర్మానించినది. వారిద్దఱు ‘సరే’ అన్న పిదపనే కుంభకర్ణుడు మేల్కొనును.